ఉపగ్రహం చూపే పచ్చదనాన్ని బట్టి మన జిల్లాలు ఎంత కార్బన్ పీలుస్తున్నాయో చెప్పొచ్చా?

తాడ్వాయి_టేకు:
"ఉపగ్రహ చిత్రాల్లో ఉత్తర తెలంగాణ పచ్చబడింది, అంటే మనం కార్బన్ ఎక్కువ పీలుస్తున్నట్టే" అని ఒక గ్రూపులో వాదన నడిచింది. నేను ఒప్పుకోను. భూమ్మీద మొక్కలన్నీ కలిసి ఏడాదికి ఎంత కార్బన్ తీసుకుంటాయనే దాని మీదే లెక్క కుదరలేదు. చాలాకాలం సుమారు 12,000 కోట్ల టన్నులు అన్నారు. 2024లో వచ్చిన ఒక పరిశోధన 15,700 కోట్లు అంది. ఈ రెంటి మధ్య తేడా, మనిషి ఏటా బొగ్గు, పెట్రోలు కాల్చి వదిలే కార్బన్‌కు మూడు రెట్లు దాటుతుంది. ప్రపంచం లెక్కే ఇంత ఊగుతుంటే ములుగు అడవి లెక్కను ఏ ధైర్యంతో చెప్తారు?

హన్మకొండ_బోటనీ:
తమ్ముడూ, రెండు వేరు వేరు లెక్కల్ని కలిపేశావు. నువ్వు చెప్పింది ఆకులు పీల్చుకునే మొత్తం. అందులో దాదాపు సగం మొక్కే శ్వాసలో వదిలేస్తుంది. రాలిన ఆకు కుళ్లి, మట్టిలోని సూక్ష్మజీవులు తిని, మంటలు పట్టి, మిగతాదీ చాలావరకు గాలిలోకే పోతుంది. చివరికి నేల మీద నికరంగా మిగిలేది ఏడాదికి సుమారు 300 కోట్ల టన్నులు. దాన్ని గాలిలో కార్బన్ డయాక్సైడ్ ఎంత పెరిగిందో కొలిచి వేరే దారిలో కడతారు. మొత్తం పీల్పు లెక్క మారినంత మాత్రాన ఆ నికర లెక్క కూలిపోదు.

ఇంకో మాట. ఉపగ్రహం కార్బన్‌ను చూడదు. నాసా ఉపగ్రహాల్లో ఉండే మోడిస్ అనే పరికరం చిత్రాలతో లెక్క కట్టే పద్ధతినే తీసుకో: ఆకు ఎంత వెలుతురు పట్టుకుందో చిత్రం నుంచి అంచనా వేసి, దాన్ని ఆ రకం మొక్క వెలుతురుతో కార్బన్ పీల్చుకునే సామర్థ్యంతో గుణిస్తారు. చలి ఎక్కువైనా, గాలి పొడిబారినా కొంత తగ్గిస్తారు. 1972లో మాంటీత్ అనే శాస్త్రవేత్త వేసిన ఆలోచన అది. కాబట్టి అడగాల్సింది చిత్రం గురించి కాదు, ఆ సామర్థ్యం అంకెను ఎక్కడి నుంచి తెచ్చారని.

జమ్మికుంట_రైతుబిడ్డ:
మేడం చెప్పిన ఆ అంకె దగ్గరే నాకు అనుమానం. ఆ పద్ధతిలో పంట పొలాలన్నిటికీ ఒకటే అంకె. మా దగ్గర వరి ఉంది, పక్క చెల్కలో మక్క ఉంది. మక్కది వేరే రకం కిరణజన్య సంయోగక్రియ, ఎండలో వరికన్నా బాగా పీలుస్తుంది. రెండిటినీ ఒకే గాటన కడితే మక్క లెక్క తక్కువ రాదా? పైగా వానాకాలం వరి కోసి, కొయ్యలు కాలబెట్టి, వెంటనే యాసంగికి దమ్ము చేస్తాం. రెండుసార్లు పచ్చగా కనిపించిన పొలంలో మిగిలిన కార్బన్ ఎంత? వడ్లు తిన్నాం, గడ్డి పశువులు తిన్నాయి. నీళ్లు నిలిచిన మడి నుంచి మీథేన్ కూడా పోతుంది. పొలం పచ్చగా ఉందని దానికి అడవితో సమానంగా మార్కులేస్తే నేను ఊరుకోను, నేను రైతునే అయినా సరే.

తాడ్వాయి_టేకు:
అన్నా, నేను అనేదీ అదే. 2019లో వచ్చిన అధ్యయనంలో భారత్‌లో పెరిగిన పచ్చదనంలో 82 శాతం పంట పొలాలదేనని తేలింది, అడవుల వాటా 4.4 శాతం. మార్చిలో చిత్రం తీస్తే ఎస్సారెస్పీ కాలువ కింద యాసంగి వరి నిండు పచ్చగా, ఏటూరునాగారం టేకు ఆకు రాల్చి బోడిగా కనిపిస్తాయి. ఆ ఒక్క చిత్రం చూసి పొలమే గొప్పదంటే అన్యాయం. 2024 ఆగస్టు 31న గాలివానకు తాడ్వాయి, మేడారం మధ్య వేలాది చెట్లు కూలాయి. అక్కడ గడ్డి, తీగలు అల్లుకుంటే చిత్రంలో మళ్లీ పచ్చగానే ఉంటుంది. పోయిన కాండాల్లోని కార్బన్ ఆ చిత్రంలో కనిపించదు.

రిమోట్‌సెన్సింగ్_వరంగల్:
చిత్రాల పనిలో ఉన్నవాణ్ణి, కాబట్టి ఉపగ్రహాల తరఫున మాట్లాడతా. ఇప్పుడు పచ్చదనం ఒక్కటే చూడట్లేదు. ఎండ పట్టుకున్న పత్రహరితం అందులో కొద్దిపాటి వెలుతురును తిరిగి వదులుతుంది, మన కంటికి కనిపించనంత తక్కువ. 2014లో వెళ్లిన ఓసీఓ-2, 2017లో వెళ్లిన సెంటినల్-5పీ ఉపగ్రహాలు దాన్ని పట్టుకుంటున్నాయి. నీళ్లు లేక ఆకు పని ఆపేస్తే, రంగు మారకముందే ఈ వెలుతురు తగ్గడం మొదలవుతుంది. 2024 లెక్క ఇంకో దారిలో వచ్చింది. కార్బొనైల్ సల్ఫైడ్ అనే వాయువు కార్బన్ డయాక్సైడ్‌తో పాటే పత్రరంధ్రాల్లోంచి లోపలికి పోతుంది, కానీ తిరిగి బయటికి రాదు. దాని ఆధారంగా ఆకు ఎంత పీల్చిందో కట్టారు. తేడా ఎక్కువగా ఉష్ణమండల వర్షారణ్యాల్లో తేలింది. మబ్బుల వల్ల ఉపగ్రహాలు సరిగా చూడలేని చోటే అది.

హన్మకొండ_బోటనీ:
బాగుంది సార్. కానీ సెంటినల్-5పీ చూసే ఒక్కో చుక్క కొన్ని కిలోమీటర్ల వెడల్పు. పాకాల దగ్గర అంత మేరలో చెరువు, అడవి, మక్క చేను, ఊరు అన్నీ ఉంటాయి. మాకు వానలొచ్చి చెట్లు నిండుగా పీల్చే జులై, ఆగస్టుల్లోనే మబ్బులు. అంటే అసలు పంట కాలంలోనే చూపు తక్కువ.

రిమోట్‌సెన్సింగ్_వరంగల్:
అది ఒప్పుకుంటాను మేడం. ఆ ఖాళీని కంప్యూటర్‌లో అంచనా కట్టే మోడల్ నింపుతుంది, మోడల్‌ను సరిచేయడానికి నేల మీద టవర్ కావాలి. అడవి పైకప్పు మీద గాలి సుడుల్లో కార్బన్ డయాక్సైడ్ రాకపోకలను సెకనుకు పదిసార్లు కొలిచే టవర్. మధ్యప్రదేశ్‌లోని బేతుల్ టేకు అడవిలో అలా కొలిచారు. మన దేశం మొత్తంలో అలాంటివి చాలా తక్కువ. అమెరికా, యూరప్ టవర్ల మీద నేర్చుకున్న మోడల్ మన టేకు, మద్ది, ఇప్పచెట్ల మీద ఎంత పొరపడుతుందో టవర్ లేకుండా తేల్చలేం.

తాడ్వాయి_టేకు:
అయితే మనమందరం కలిసి అడగాల్సింది ఏటూరునాగారంలో ఒక టవర్, ఆయకట్టు వరి పొలంలో ఇంకొకటి. హైదరాబాద్‌లోనే నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ ఉంది, వాళ్లకు మన యూనివర్సిటీ నుంచి వినతి పంపుదాం. ముసాయిదా నేను రాస్తా. జమ్మికుంట అన్నా, పొలం ఇవ్వడానికి మీ దగ్గర ఎవరైనా ముందుకొస్తారా?

జమ్మికుంట_రైతుబిడ్డ:
పొలం దొరుకుతుంది. కొయ్యలు కాల్చే మడి ఒకటి, కాల్చని మడి ఒకటి పక్కపక్కన పెట్టమని రాయి.