క్రిస్మస్ కథల్లో ఇంత భయం ఎందుకు?

బొబ్బిలి నుండి, ప్రశ్న:
మా చర్చిలో ఆదివారపు బడి పిల్లలకు ఇతర దేశాల క్రిస్మస్ ఆచారాలు చెబుదామని చదవడం మొదలుపెట్టాను. ఆస్ట్రియాలో సెయింట్ నికొలస్ పండుగకు ముందురోజు, అంటే డిసెంబరు 5 రాత్రి, కొమ్ములతో, గొలుసులతో, బెత్తాల కట్టతో క్రాంపస్ అనే దయ్యపు వేషాలు వీధుల్లోకి వస్తాయట. ఐస్‌లాండ్‌లోనైతే పండుగకు కొత్త బట్ట దక్కనివారిని యూల్ (అంటే క్రిస్మస్) పిల్లి తినేస్తుందని చెబుతారట. రక్షకుడు పుట్టిన దినం చుట్టూ ఇంత భయం ఎందుకు అల్లుకున్నది? వీటిని పిల్లలకు చెప్పవచ్చునా?

పొందూరు నుండి:
అమ్మా, పిల్లి కథ చదవగానే మా నాయనమ్మ గుర్తుకు వచ్చింది. వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి రాట్నం ముందు కూర్చుంటే ఆమె చీకటి పడేదాకా లేచేది కాదు, ఎందుకంటే పెద్ద పండుగకు చేతిలో డబ్బు ఆడాలంటే నూలు అప్పటికి తయారై ఉండాలి. ఐస్‌లాండ్‌లోనూ శరత్కాలపు ఉన్ని పని క్రిస్మస్‌లోగా పూర్తి కావాలని, అందులో చెయ్యి వేసినవారికే కొత్త బట్ట దక్కేదని ఆ కథకు అర్థం చెబుతారు. ఆల్ప్స్ పర్వత ప్రాంతంలో పెర్హ్‌టా అనే ముసలిది వడకవలసిన నార మిగిల్చిన ఆడవారి పొట్ట చీల్చి గడ్డి కూరుతుందని చెప్పుకునేవారు. అంటే ఈ భయానికి మూలం పనే. అయితే బట్ట లేకపోవడానికి బద్ధకం ఒక్కటే కారణం కాదు, పేదరికమూ కారణమే కనుక పిల్లి కథ నాకు కఠినంగా తోస్తుంది. 1932 నాటి ఒక ఐస్‌లాండ్ గేయం మాత్రం, ఏమీ దక్కని పిల్లలు ఇంకా ఉన్నారేమో తలచుకోమని చివర అడుగుతుంది.

విజయనగరం నుండి:
పనితోపాటు చీకటిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. డిసెంబరు చివర ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో పగలు సుమారు 4 గంటలే ఉంటుంది. గ్రీకుల కథలో కల్లికంజారి అనే పిశాచాలు భూమిని మోసే చెట్టును ఏడాదంతా పాతాళంలో రంపంతో కోసి, అది తెగబోయే వేళకు క్రిస్మస్ రావడంతో పైకి వస్తాయి. జనవరి 6న తిరిగి వెళ్ళేసరికి చెట్టు మానిపోయి ఉంటుంది. అవి ఇంట్లోకి రాకుండా ఆ పన్నెండు రోజులూ పొయ్యి ఆరనివ్వరు, వాకిట జల్లెడ పెడతారు. పిశాచం రంధ్రాలు లెక్కపెట్టబోయి, మూడు పవిత్రమైన సంఖ్య కావడం వల్ల రెండు దాటి పలకలేక, తెల్లవారేదాకా అక్కడే చిక్కుకుంటుంది. మనకూ ఆ రోజులు పెళ్ళిళ్ళు లేని ధనుర్మాసం, దాని చివర భోగి మంట. ఒకటి మరొకదాని నుండి వచ్చిందని నేను అనను.

ఇక పిల్లల సంగతి. గ్రీలా అనే రాక్షసి కొడుకులైన యూల్ కుర్రాళ్ళ పేరు చెప్పి పిల్లలను బెదిరించరాదని ఐస్‌లాండ్‌లో 1746లోనే ఉత్తర్వు వెలువడింది. ఇప్పుడు ఆ పదమూడుగురే కిటికీలో ఉంచిన బూట్లలో చిన్న చిన్న కానుకలు పెడుతున్నారు.

బొబ్బిలి నుండి:
ఇద్దరికీ ధన్యవాదాలు. చిన్నపిల్లలకు జల్లెడ కథ చెబుతాను, పెర్హ్‌టాను వదిలేస్తాను. పిల్లి కథ చెప్పే ముందు మా పేటలో ఈసారి కొత్త బట్ట కుట్టించుకోలేని పిల్లలు ఎవరెవరో కనుక్కుంటాను.