పిల్లల వానపాముల తొట్టి వాసన వస్తోంది, పైగా ఎండలు ముదురుతున్నాయి. ఏం చేయాలి?

బెజవాడ బాల్కనీ:
అందరికీ నమస్కారమండి. మాది విజయవాడ, మూడో అంతస్తు ఫ్లాట్, పడమటి బాల్కనీ. పాపకి ఎనిమిదేళ్లు, బాబుకి ఐదు. పాప పట్టుబట్టడంతో వంటింటి చెత్తతో ఎరువు చేద్దామని సంక్రాంతి సెలవుల్లో ప్లాస్టిక్ టబ్బుకి అడుగున కన్నాలు పెట్టి, అత్తగారి ఊరి నుంచి మాగిన పేడ, నర్సరీ నుంచి అరకిలో వానపాములు తెచ్చి మొదలుపెట్టాం. మొన్నటిదాకా బాగానే ఉంది. ఇప్పుడు పుల్లటి కంపు, సన్న ఈగలు. సాయంత్రమయ్యేసరికి వానపాములు మూత దాకా ఎక్కుతున్నాయి. రెండు మూడు చచ్చిపోయి కనిపిస్తే పాప ఏడుస్తోంది. మావారేమో కింద పార్కు మట్టిలో వదిలేద్దామంటున్నారు. వదిలేస్తే బతుకుతాయా? ఏప్రిల్, మే గట్టెక్కే దారేమైనా ఉందా? ఇంకొకటి, మా చిన్నోడు వాటిని పట్టుకుని నలిపేస్తాడేమోనని టెన్షన్. వాడికి ఏ పని అప్పజెప్పొచ్చు?

పంతులమ్మ, ఖమ్మం జిల్లా:
అమ్మా, పార్కులో మాత్రం వదలకండి. నర్సరీల్లో అమ్మేవి పేడలో, కుళ్లే చెత్తలో పైపైన బతికే రకాలు. గట్టి మట్టిలో, ఎండల్లో వాటికి తిండి దొరకదు. ఇవ్వాలనుకుంటే పేడకుప్ప ఉన్నవాళ్లకి ఇవ్వండి. కానీ ఆ అవసరం రాదు.

కంపుకి కారణం తిండి ఎక్కువవడం. అరకిలో వానపాములు రోజుకు పావుకిలో తింటే గొప్ప. నలుగురున్న ఇంట్లో కూరగాయల చెత్త అంతకంటే ఎక్కువే వస్తుంది. మిగిలింది కుళ్లి, నీరు కారి, అడుగున గాలి ఆడకుండా పోతుంది. వానపాము చర్మంతోనే గాలి పీల్చుకుంటుంది. అందుకే ఊపిరాడక మూత దాకా ఎక్కుతున్నాయి. ఈ రోజే పైన కుళ్లినదంతా తీసేయండి. అడుగు కన్నాలు పూడిపోయాయేమో పుల్లతో పొడిచి చూడండి. ఎండుటాకులు, చింపిన న్యూస్‌పేపర్ బాగా కలిపి, వారం రోజులు ఏమీ వేయకండి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కట్టకూడదు. తర్వాత ఏది వేసినా సన్నగా తరిగి, లోపలికి పూడ్చి, పైన కాగితం కప్పితే ఈగలు తగ్గుతాయి. సొరకాయ తొక్కలు, కొత్తిమీర కాడలు, అరటి తొక్క, వాడేసిన టీ పొడి వేయొచ్చు. నిమ్మ, బత్తాయి తొక్కలు, ఉల్లి, వెల్లుల్లి, పచ్చడి, నూనె కూరలు, ఉప్పు తగిలిన అన్నం వద్దు.

పడమటి బాల్కనీలో మే నెల అంటే వాటికి గండమే. 35 డిగ్రీలు దాటితే తట్టుకోలేవు. టబ్బుని లోపలికి, నీడగా గాలి ఆడే చోటికి మార్చండి. పైన తడి గోనెపట్టా కప్పండి. మధ్యాహ్నం నీళ్లు గడ్డకట్టిన సీసాని గుడ్డలో చుట్టి ఒక మూలన పెట్టండి. వచ్చే ఏడాదికి ప్లాస్టిక్ బదులు మట్టి తొట్టి తీసుకోండి, అది తనంతట తానే చల్లబడుతుంది.

ఇక పిల్లల సంగతి. మా బడిలో మధ్యాహ్న భోజనం వంటషెడ్డు వెనక వానపాముల గుంత ఉంది. భోజనంలో పెట్టే గుడ్ల పెంకుల్ని ఎండబెట్టి రోట్లో దంచడం చిన్న తరగతులవాళ్ల పని. ఆ పొడి గుంతలో పులుపు విరుస్తుంది. మీ బాబుకి అది అప్పజెప్పండి, కాగితాలు చింపడం కూడా. ఐదేళ్ల చేతికి అంతకంటే ఇష్టమైన పని ఉండదు. చూడాలంటే రాత్రిపూట టార్చికి ఎర్ర గాజు కాగితం చుట్టి చూపించండి. వానపాములకు కళ్లు లేవు కానీ వెలుతురు చర్మానికి తెలిసి లోపలికి దూరిపోతాయి. ఎర్ర వెలుగు వాటికి పెద్దగా తెలియదు. ముట్టుకొమ్మని మాత్రం ఎవర్నీ బలవంతం చేయొద్దు. ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగించండి.

మా తరగతిలో చదువంటే ముడుచుకుపోయే బాబు ఒకడుండేవాడు. తండ్రితో చెరువుకి వెళ్లి గాలానికి ఎర గుచ్చడం అలవాటు. వానపాములు ఎక్కడ దొరుకుతాయో, ఏ తేమలో పైకొస్తాయో వాడికి తెలిసినంత మా టీచర్లలో ఎవరికీ తెలియదు. గుంత బాధ్యత వాడికిచ్చాం. పిల్లలు వానపాముల గురించి ఏ అనుమానమొచ్చినా నా దగ్గరికి రావడం మానేసి వాడి దగ్గరికే వెళ్లేవారు. నాకు అదే కావాలి. మీ పాపకి కూడా పాఠం చెప్పకండి, తొట్టి తాళం ఇవ్వండి. ఎప్పుడు తిండి వేయాలో, ఎప్పుడు ఆపాలో తననే చూసి చెప్పమనండి.

గోదారి మిద్దెతోట, రాజమండ్రి:
టీచర్ గారు చెప్పిన దానికి రెండు ముక్కలు కలుపుతానండి. టబ్బుని స్టాండు మీద పెట్టి, కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టండి, వేసవిలో చీమలు దండయాత్రగా వస్తాయి. కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) వేసేటప్పుడు రెండుసార్లు కడిగి వేయండి, ఉప్పు ఉంటుంది. కన్నాల్లోంచి కారే నల్లటి నీళ్లని వర్మీవాష్ (వానపాముల తొట్టి నుంచి తీసే ద్రవ ఎరువు) అనుకుని ఆకుకూరల మీద చల్లకండి. కంపు కొడుతుంటే అది కుళ్లునీరే.

ఎరువు తయారయ్యాక పాపతో మెంతులు చల్లించండి. మూడు నాలుగు రోజుల్లో మొలక కనిపిస్తుంది, పిల్లల ఓపికకి సరిపోయే పంట అదే. టమాటా మొక్క పెట్టి రెండు నెలలు ఎదురుచూడమంటే వాళ్లు మర్చిపోతారు. తోటకూర కూడా నెల లోపే కోతకొస్తుంది. మా మనవరాలు పళ్లెంలో వదిలేసే కూరని, తను చల్లిన తొట్టిలోదైతే అడిగి వేయించుకుంటుంది.

బెజవాడ బాల్కనీ:
ఇద్దరికీ చాలా థాంక్సండి. కన్నాలు నిజంగానే పూడిపోయి ఉన్నాయి. టబ్బుని వంటగది వెనక వాష్ ఏరియాకి మార్చాం, వాసన బాగా తగ్గింది. బాబు ఇంట్లో పేపర్లన్నీ చింపేస్తున్నాడు, ఇవాళ్టి పేపరు దాచుకోవాల్సి వస్తోంది. నిన్న రాత్రి ఎర్ర టార్చితో చూస్తుంటే పాపకి పసుపుపచ్చటి గింజలు కనిపించాయి. మెంతులు పడ్డాయేమో అంది. మేమసలు మెంతులు వేయనే లేదు. అవేంటి టీచర్ గారూ?

పంతులమ్మ, ఖమ్మం జిల్లా:
గుడ్ల సంచులమ్మా! అవి కనిపించాయంటే తొట్టి కుదుటపడుతున్నట్టే. నిమ్మకాయ ఆకారంలో ఉంటాయి, పొదిగే కొద్దీ ఎర్రబారుతాయి. ఒక్కో దాంట్లోంచి ఒకటి కంటే ఎక్కువ పిల్లలు రావొచ్చు. రెండు మూడింటిని తడి కాగితంలో పెట్టి, చిన్న డబ్బాలో వేసి, మూతకి సూది కన్నాలు పెట్టి నీడన ఉంచండి. కాగితం ఆరకుండా చూసుకోవాలి. రెండు మూడు వారాల్లో తెల్లటి దారపు ముక్కల్లా పిల్లలు బయటికొస్తాయి. రాగానే తొట్టిలో వేసేయమని పాపకి చెప్పండి.