డిప్రెషన్ మందు పనిచేస్తోంది కానీ సైడ్ ఎఫెక్ట్స్‌తో వేగలేకపోతున్నాను, వేరేది అడగొచ్చా?

మిర్యాలగూడ_మిల్లు:
అందరికీ నమస్కారం. నేను రైస్ మిల్లులో లెక్కలు చూస్తాను, నలభై లోపు వయసు. నల్గొండలో సైకియాట్రిస్ట్‌కు చూపించుకుంటే డిప్రెషన్ అని చెప్పి మొదట ఎస్సిటాలోప్రామ్ రాశారు, 5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 10కి పెంచారు. మొదట్లో కడుపులో తిప్పేది, చేతులు వణికేవి, అవి వాటంతటవే పోయాయి. నెల దాటాక మనసు నిజంగానే తేలికపడింది. తెల్లారుతోందంటే ఉండే భయం పోయి, మిల్లులో నలుగురితో మాట్లాడగలిగాను. కానీ ఎప్పుడూ చెమటలు, దానికి తోడు భార్యతో దగ్గరగా ఉండాలన్న కోరికే లేకుండా పోయింది. తన మీద ఇష్టం పోయిందేమో అని ఆమె లోలోపల బాధపడుతోంది. డాక్టర్ గది తలుపు దగ్గరే తర్వాతి పేషెంట్లు నిలబడి ఉంటారు, అక్కడ ఆ సంగతి ఎలా చెప్తాం? చెమటల సంగతి ఒక్కటే చెప్పగలిగాను.

ఆయన మందు మార్చి మిర్టాజపిన్ ఇచ్చారు. నిద్ర బాగా పడుతోంది కానీ ఆకలికి అంతు లేదు, ప్యాంట్లన్నీ బిగుతయ్యాయి, పొద్దున పదింటి దాకా మత్తు దిగదు, బండి మీద హైవే ఎక్కాలంటే భయమేస్తోంది. మా నాన్నకు షుగర్ ఉంది, బరువు ఇలాగే పెరిగితే నాకూ వస్తుందేమోనని టెన్షన్. చుట్టాలేమో ఇవన్నీ మత్తుమందులే, ఒకసారి మొదలుపెడితే జీవితాంతం మింగాల్సిందే అంటున్నారు. మనసు బాగుచేస్తూ మిగతా బతుకును కూడా బతకనిచ్చే మందు అసలు దొరుకుతుందా? ఎన్ని మార్చాల్సి వస్తుంది? మళ్లీ మార్చమంటే డాక్టర్ గారు ఏమన్నా అనుకుంటారా?

పాలమూరు_టీచర్:
అన్నా, దొరుకుతుంది, నాకు దొరికింది. నాకు మొదట ఫ్లూఆక్సెటిన్ ఇచ్చారు, లోపల ఒకటే గాబరా, ఒకచోట కూర్చోలేను, రాత్రి నిద్ర లేదు. తర్వాత సెర్ట్రలిన్‌కి మార్చారు, పొద్దున టిఫిన్ తిన్నాక 50 వేసుకుంటాను. కొత్తలో విరేచనాలు అయ్యేవి, క్లాసు మధ్యలో బయటికి వెళ్లాలంటే నరకం, కానీ తగ్గిపోయింది. ఇప్పటికీ నోరు కొంచెం ఎండుతుంది, దానితో నాకేం ఇబ్బంది లేదు, పిల్లల ముందు నిలబడి పాఠం చెప్పగలుగుతున్నాను, నాకు కావలసింది అదే. మా చెల్లెలికి మాత్రం మీరు వద్దంటున్న మిర్టాజపినే బాగా పడింది, ఎందుకంటే తనకు తిండి సయించక, నిద్ర పట్టక మనిషి సగమైపోయింది. అందుకే పక్కవాళ్లకు ఏది పడిందో అడిగి లాభం లేదు, మీరు ఏది భరించగలరు, ఏది అస్సలు భరించలేరు అన్నది డాక్టర్‌కు తెలియాలి. నోటితో చెప్పలేకపోతే చీటీ మీద రాసి చేతికివ్వండి. నేను అలాగే ఇచ్చాను, ఆయన చదివి తలూపి తలుపు వేయించి మాట్లాడారు. వాళ్లు రోజూ వినేవే ఇవి, ఏమీ అనుకోరు.

జడ్చర్ల_మెడికల్_షాపు:
నేను ఫార్మసిస్టును, డాక్టర్‌ను కాను, మందు మార్చే నిర్ణయం మీ డాక్టర్ గారిదే. కానీ కౌంటర్ దగ్గర ఇవే ప్రశ్నలు రోజూ వింటాను కాబట్టి తెలిసినంత వివరంగా రాస్తున్నాను.

ముందు చుట్టాల మాట. ఎస్సిటాలోప్రామ్, సెర్ట్రలిన్, మిర్టాజపిన్ వంటివి అలవాటయ్యే మత్తుమందులు కావు, ఇంకా ఇంకా కావాలని ఒళ్లు అడగదు. అయితే ఒక్కసారిగా ఆపితే తల తిరగడం, తలలో కరెంటు కొట్టినట్టుండడం, చిరాకు, పిచ్చి కలలు రావచ్చు. పారాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో ఇది ఎక్కువ, ఫ్లూఆక్సెటిన్ ఒంట్లో చాలా రోజులు ఉంటుంది కాబట్టి దానితో తక్కువ. అందుకే మెల్లగా తగ్గిస్తారు. అలవాటయ్యే భయం ఉన్నది మొదట్లో కొన్నాళ్లకని తోడుగా రాసే క్లోనాజెపామ్ లాంటి వాటితో. చాలామంది అసలు మందు ఆపేసి, హాయిగా నిద్ర పడుతుందని అదొక్కటే ఇవ్వమని పాత చీటీ పట్టుకొస్తారు. నేను ఇవ్వను, తిట్టినా ఇవ్వను.

జీవితాంతం అన్నది కూడా అందరికీ వర్తించదు. మొదటిసారి డిప్రెషన్ వచ్చినవాళ్లకు బాగా తగ్గాక మామూలుగా ఇంకో ఆరు నుంచి తొమ్మిది నెలలు కొనసాగించి తర్వాత తగ్గిస్తారు, మళ్లీ మళ్లీ వచ్చేవాళ్లకు ఎక్కువ కాలం ఇస్తారు.

ఎన్ని మార్చాలి అన్నారు. అమెరికాలో సుమారు నాలుగు వేల మంది మీద చేసిన స్టార్-డి అనే పరిశోధన ఫలితాలు 2006లో వచ్చాయి, అందులో మొదటి మందుతోనే పూర్తిగా కోలుకున్నవాళ్లు దాదాపు మూడో వంతే. అంటే మార్చాల్సి రావడం మీ ఒక్కరి సమస్య కాదు. కాకపోతే ఒక మందు పనిచేస్తుందో లేదో తేలాలంటే సరైన డోసులో నాలుగు నుంచి ఆరు వారాలు చూడాలి, వారానికే పడలేదని వదిలేస్తే మంచి మందు కూడా చేజారిపోతుంది. కడుపులో తిప్పడం, తలనొప్పి, వణుకు లాంటివి చాలామందికి మొదటి రెండు వారాల్లో తగ్గుతాయి. కోరిక తగ్గడం, బరువు పెరగడం మాత్రం ఓపిక పడితే పోతాయని నమ్మకం లేదు, వాటి గురించి డాక్టర్‌తో మాట్లాడాల్సిందే. డోసు తగ్గించవచ్చు, వేసుకునే వేళ మార్చవచ్చు, మందే మార్చవచ్చు. కోరిక, బరువు ఈ రెండింటి ఇబ్బందీ తక్కువగా ఉండేది బుప్రోపియాన్, కానీ నిద్ర చెడగొట్టవచ్చు, గాబరా పెంచవచ్చు, ఫిట్స్ ఉన్నవాళ్లకు ఇవ్వరు. షుగర్ భయం ఉంది కదా, ఒకసారి షుగర్, థైరాయిడ్ పరీక్షలు చేయించమని అడగండి, థైరాయిడ్ తక్కువున్నా నీరసం, దిగులు, బరువు అన్నీ ఉంటాయి.

ఇంకొకటి, నడుము నొప్పికని ఊళ్లో ఎవరైనా ట్రమడాల్ ఇస్తే, మీరు ఏ మందు వాడుతున్నారో ముందే చెప్పండి, ఎస్సిటాలోప్రామ్ లాంటి వాటితో కలిస్తే ప్రమాదం. డైక్లోఫెనాక్ లాంటి నొప్పి గోళీలతో కూడా కడుపులో రక్తస్రావం అయ్యే అవకాశం పెరుగుతుంది.

దేవరకొండ_కొడుకు:
పై అన్న రాసిన దానికి ఒకటి కలుపుతాను, ఇంట్లో పెద్దవాళ్లు ఈ మందులు వాడుతుంటే పనికొస్తుంది. మా నాయినకు డెబ్బై దాటాయి, అమ్మ పోయాక ఎవరితో మాట్లాడకుండా గోడ వైపు తిరిగి పడుకునేవాడు. ఎస్సిటాలోప్రామ్ మొదలుపెట్టాక ఎండాకాలంలో ఉన్నట్టుండి తికమకగా మాట్లాడడం, నడుస్తుంటే తూలడం. వయసు మీద పడిందని అందరూ అన్నారు, రక్తపరీక్ష చేయిస్తే సోడియం బాగా తగ్గింది. బీపీకి వాడే మూత్రం గోళీ కూడా తోడైందని డాక్టర్ చెప్పారు. పెద్దవాళ్లకు మందు మొదలుపెట్టిన కొత్తలో ఆ పరీక్ష చేయించమని అడగండి, ఖర్చు తక్కువే. ఇప్పుడు మందు మార్చారు, పొద్దున్నే చాయ్ తాగి రచ్చబండ దాకా పోయి వస్తున్నాడు.

నాగర్‌కర్నూల్_అక్క:
నేను మందు వాడే మనిషిని కాదు, వాడే మనిషి భార్యను. తమ్ముడూ, ముందు మీ ఇంట్లో ఆమెకు చెప్పు. మాకు ఎవరూ చెప్పకపోతే ఇంకెవరో ఉన్నారేమో అనే దాకా పోతుంది ఆలోచన. మా ఆయన నన్ను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాడు, మందు వల్ల అవుతోందని డాక్టర్ నోటితో విన్నాక నా మనసు కుదుటపడింది. ఆ తర్వాత మందు మార్చేదాకా ఓపిక పట్టడం కష్టమనిపించలేదు.

మిర్యాలగూడ_మిల్లు:
అందరికీ చాలా థ్యాంక్స్, చదువుతుంటే ఏడుపొచ్చింది. చీటీ రాశాను, ఆమెను తీసుకునే వెళ్తాను. మెడికల్ షాపు అన్నా, బుప్రోపియాన్ గురించి అడుగుదామనుకుంటున్నాను. ఆదివారం బావమరుదులతో కల్లు తాగడం అలవాటు, దానివల్ల ఏమన్నా అవుతుందా? అపాయింట్‌మెంట్ వచ్చేదాకా మిర్టాజపిన్ ఆపేయనా?

జడ్చర్ల_మెడికల్_షాపు:
ఆపవద్దు. రాత్రి కొంచెం పెందలాడే వేసుకోవచ్చేమో డాక్టర్‌కు ఫోన్ చేసి అడగండి, పొద్దున మత్తు ఉన్నంతవరకు బండి తీయకండి, బస్సులో వెళ్లండి.

కల్లు సంగతి తప్పకుండా చీటీలో రాయండి. మన వైపు కల్లులో అల్ప్రాజోలం, డైజెపామ్, క్లోరల్ హైడ్రేట్ లాంటి మత్తుమందులు కలిపిన కేసులు ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. అలాంటిది మిర్టాజపిన్ మీద తాగితే మత్తు రెట్టింపవుతుంది. అలవాటు పడిన ఒళ్లు అకస్మాత్తుగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, బుప్రోపియాన్‌తో ఉన్న భయం కూడా అదే. ఎంత తాగుతారో, ఎన్నాళ్లుగా తాగుతున్నారో ఉన్నదున్నట్టు చెప్తే ఎలా మానాలో డాక్టర్ గారే చెప్తారు. ఈలోపు మనసు మరీ చెడిపోయినా, చచ్చిపోవాలన్న ఆలోచన వచ్చినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, మానసిక ఇబ్బందులకు ప్రభుత్వం నడిపే హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఏ వేళైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ తీసుకోరు. డాక్టర్ గారు ఏం మార్చారో ఇక్కడ రాయండి.