1968 బీటిల్, క్లచ్ పెడల్ లేని మోడల్ అమ్మకానికి ఉంది, తీసుకోవచ్చా?

పెన్నేరు (అనంతపురం):
అందరికీ నమస్కారం. బెంగళూరులో ఒకాయన 1968 మోడల్ ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ 1500 అమ్ముతున్నాడు. సెమీ ఆటోమేటిక్, అంటే గేర్ రాడ్ ఉంది, క్లచ్ పెడల్ లేదు. మా నాయనకు ఈ కారంటే చిన్నప్పటి నుంచీ ప్రాణం, ఇప్పుడేమో ఎడమ మోకాలు నొప్పితో క్లచ్ తొక్కలేడు, అందుకే దీని మీద ఆశ పుట్టింది. ఇక్కడ మెకానిక్‌ను అడిగితే ఆ గేర్‌బాక్స్ పీకేసి మామూలుది వేయించు అంటున్నాడు. మన ఎండలకు రేడియేటర్ లేని బండి ఆగుతుందా? పేపర్ల సంగతి ఏంటి?

బురుజు (కర్నూలు):
గేర్‌బాక్స్ మాత్రం పీకించొద్దు తమ్ముడూ, పీకిస్తే నాయనకు మళ్లీ క్లచ్ తొక్కే పనే కదా. అందులో భయపడేంత ఏమీ లేదు. క్లచ్ ఉంటుంది, కాలికి బదులు వ్యాక్యూమ్, అంటే ఇంజన్ గాలి పీల్చే బలం, తొక్కుతుంది. గేర్ రాడ్ లోపల కాంటాక్ట్ పాయింట్లు ఉంటాయి, రాడ్ మీద చెయ్యి పడి కొంచెం కదిలితే చాలు, అవి కలిసి సోలెనాయిడ్‌కు (కరెంట్‌తో తెరుచుకునే వాల్వ్) కరెంట్ పోతుంది, అప్పుడు ఇంజన్ వ్యాక్యూమ్ క్లచ్‌ను విడదీస్తుంది. ఇంజన్‌కూ క్లచ్‌కూ మధ్య టార్క్ కన్వర్టర్, అంటే ఆయిల్ ద్వారా ఇంజన్ బలాన్ని అందించే భాగం, ఉంటుంది కాబట్టి సిగ్నల్ దగ్గర గేర్‌లోనే బ్రేక్ తొక్కి ఉన్నా బండి ఆఫ్ కాదు. నాయనకు ఒకటే చెప్పు, గేర్ మార్చేటప్పుడు యాక్సిలరేటర్ వదలాలి, మిగతా టైంలో రాడ్ మీద చెయ్యి ఆనించి తోలకూడదు, ఆనిస్తే క్లచ్ ప్లేట్ తొందరగా అరిగిపోతుంది.

చూడ్డానికి పోయినప్పుడు బ్రేక్ మీద కాలు పెట్టి, ఇంజన్ ఆన్‌లో ఉంచి రాడ్‌ను మెల్లిగా కదిలించు. వెనక టక్‌మని వినిపించాలి, గేరు గరగరలాడకుండా పడాలి. పడకపోతే వెంటనే గేర్‌బాక్స్ పోయిందనుకోవద్దు, పగిలిన వ్యాక్యూమ్ పైపో, మురికి పట్టిన పాయింట్లో అయ్యుండొచ్చు, అవి చిన్న పనులే. క్లచ్ జారుతుంటే మాత్రం ఇంజన్ దించాల్సిందే, ఆ ఖర్చు ధరలో తగ్గించమని అడుగు. కన్వర్టర్ ఆయిల్ ట్యాంకు వేరే ఉంటుంది, కుడివైపు వెనక చక్రం పైన. దాని లెవల్ తప్పకుండా చూడు.

గండికోట (కడప):
నేనైతే పేపర్లు చూశాకే మిగతా మాటలు. 2021లో వచ్చిన కేంద్ర రూల్ ప్రకారం 50 ఏళ్లు దాటి, ఒరిజినల్‌గా ఉన్న సొంత బండ్లను వింటేజ్ కింద రిజిస్టర్ చేయొచ్చు. కొత్తగా అయితే 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది, తర్వాత రెన్యూవల్‌కు 5,000. పాత నంబర్ ఉన్న బండికి అదే ఉంచుకోవచ్చు. కానీ వింటేజ్ కింద ఉన్న బండిని రోజూ తోలడానికి లేదు, ర్యాలీలు, ప్రదర్శనలు, పెట్రోల్, రిపేర్ల లాంటి వాటికే. నాయన రోజూ బజారుకు పోవాలనుకుంటే ఇదే అసలు సమస్య. కాబట్టి ఆ ఆర్సీ మామూలుదా, వింటేజా, రెన్యూవల్ అయిందా ముందు కనుక్కోండి. మామూలుదైతే కర్ణాటక ఆర్టీఓ నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) కూడా కావాలి. వెనక సీటు కింద చాసిస్ నంబర్ కొట్టి ఉంటుంది, 1968 మోడల్ అయితే 118తో మొదలవ్వాలి. ఆర్సీలో ఉన్నదీ అదీ ఒకటి కాకపోతే అడ్వాన్స్ ఇవ్వొద్దు.

పెన్నేరు:
చాలా థాంక్స్ అన్నా. మామూలు ఆర్సీయే, రెన్యూవల్ కూడా అయిందంటున్నాడు, కాపీ పంపమన్నాను. ఎండ సంగతి కూడా చెప్పండి.

బురుజు:
గాలితో చల్లబడే ఇంజన్‌కు రేడియేటర్ లేకపోవడం లోపం కాదు, ఫ్యాన్ గాలి సరిగ్గా సిలిండర్ల మీదికే పోవాలి, అంతే. ఇంజన్ చుట్టూ రేకులు, రబ్బరు సీల్ ఉన్నాయో లేదో చూడు, చాలామంది సర్వీసులో పీకేసి మళ్లీ బిగించరు, అప్పుడు కింది నుంచి వేడిగాలి తిరిగి పైకొస్తుంది. ఆయిల్ పట్టేది రెండున్నర లీటర్లే కాబట్టి 5,000 కిలోమీటర్లకు మార్చాలి, మే నెలలో మధ్యాహ్నం పూట దూరం తోలకపోవడమే మేలు.

ఇంకోటి, ఇది మాత్రం తప్పనిసరి. పెట్రోల్ రబ్బరు పైపులన్నీ బండి ఎక్కే ముందే మార్పించు, ఇథనాల్ పెట్రోల్‌కు తట్టుకునేవే వేయించు. ఇంజన్ వేడి దగ్గర పాత పైపు చిట్లి మంటలొచ్చిన బీటిల్స్ ఎన్నో ఉన్నాయి. బెంగళూరులోనే ఆ పని చేయించి, లేదంటే లారీ మీద ఎక్కించి తెచ్చుకో. చాసిస్ నంబర్ ఫోటో వచ్చాక ఇక్కడ చెప్పు, చూద్దాం.