అమ్మకు స్కిజోఫ్రీనియా ఉంటే నాకూ, నా పిల్లలకూ వస్తుందా?

గోదావరి_పిల్ల:
నేను మూడో తరగతిలో ఉండగా అమ్మకు మొదలైంది. గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనేది. ఇప్పుడు మాత్రలతో బాగానే ఉంది, వంట చేస్తుంది, సీరియల్ చూస్తుంది. నాకు 31, పెళ్లై రెండేళ్లు. పిల్లల మాటొస్తే చాలు, "మీ అమ్మది వంశంలో ఉందా?" అంటారు మా అత్తగారు. ఆవిడ అడగడం తప్పని కాదు, నాకే రాత్రిళ్లు అదే టెన్షన్. ఇళ్లలో చూసినవాళ్లు చెప్పండి.

వార్డు_నర్సు:
పదకొండేళ్లుగా సైకియాట్రీ వార్డులో చేస్తున్నాను. మామూలుగా ఇది నూటికి సుమారు ఒకరికి వస్తుంది. తల్లికో తండ్రికో ఉంటే పిల్లల్లో పదిమందికి ఒకరికి, ఇద్దరికీ ఉంటే 40 శాతం దాకా. మనవల దగ్గరికొచ్చేసరికి 5 శాతం. మీ విషయంలో ఒక మెలిక ఉందమ్మా. ఆ పది శాతం పుట్టినప్పటి లెక్క. జబ్బు ఎక్కువగా బయటపడేది పద్దెనిమిది నుంచి ముప్పై లోపు. 31 దాటారంటే అందులో చాలా భాగం గడిచిపోయినట్టే. ఆడవాళ్లలో 45 తర్వాత కొంతమందికి మొదలవుతుంది, అది దాచను. అచ్చం ఒకేలా ఉండే కవలల్లో ఒకరికి వచ్చినా, రెండోవాళ్లలో కనీసం సగం మందికి రాదు.

రామంతపూర్_తమ్ముడు:
మా అన్నకు ఇంజినీరింగ్ మూడో ఏడులో వచ్చింది. హాస్టల్లో గంజాయి. రెండేళ్ల తర్వాత అదే హాస్టల్లో నేనూ తాగాను, నాకేం కాలేదు. అందుకే చుట్టాలు "గంజాయి వల్లే" అని తేల్చేస్తే ఒళ్లు మండేది. స్వీడన్‌లో సైన్యంలోకి తీసుకున్న 45 వేల మందికి పైగా కుర్రాళ్లను 15 ఏళ్లు గమనించి 1987లో లెక్క చెప్పారు. 50 సార్లకు పైగా గంజాయి తాగినవాళ్లకు, తాగనివాళ్ల కంటే ఈ జబ్బు ముప్పు ఆరు రెట్లు. మిగతా కారణాలు తీసేస్తే ఆ సంఖ్య బాగా తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. మా అమ్మ మేనమామ ఒకాయన ఊరొదిలి వెళ్లిపోయాడనేవాళ్లు. ఎందుకు వెళ్లాడో అన్న మంచాన పడ్డాకే చెప్పారు. ముందే తెలిస్తే నేను ముట్టేవాణ్ణి కాదు.

హేగ్_నుంచి:
ఇక్కడ నెదర్లాండ్స్‌లో 1944-45 చలికాలం కరువు గురించి ఇప్పటికీ చెప్పుకుంటారు. జర్మన్లు తిండి రాకుండా అడ్డుకున్నారు. ఆ కరువు ముదిరినప్పుడు కడుపున పడ్డ పిల్లల్లో పెద్దయ్యాక ఈ జబ్బు రెట్టింపైంది. రెట్టింపంటే గుండె జారుతుంది గానీ, నూటికి ఒకటి రెండైందన్నమాట. చైనాలో 1959-61 కరువులోనూ అంతే. మా హేగ్‌లో మొరాకో నుంచి వచ్చినవాళ్లలో ఇది ఎక్కువ, అయితే తమవాళ్లు ఎక్కువగా ఉన్న పేటల్లో ఉండేవాళ్లలో అంత లేదు. వచ్చిన కొత్తలో ఆరు నెలలు తెలుగు మాట వినకుండా బతికినవాణ్ణి, అది చదివి కాసేపు అలాగే కూర్చున్నాను.

పాలకొల్లు_మాస్టారు:
మా ఇంట్లో రెండు తరాలు మేనరికాలే. బామ్మ గాలి సోకిందనేది, డాక్టరు జబ్బన్నారు. మేనరికం వల్లేనా?

వార్డు_నర్సు:
మేనరికం ఒక్కదానిమీదే నెట్టలేం మాస్టారూ. జబ్బున్న కుటుంబమే అటూ ఇటూ అయితే బరువు రెండు వైపుల నుంచీ వస్తుంది. ఇది ఒక్క జన్యువు పని కాదు. 2022లో వచ్చిన పెద్ద పరిశోధనలో ఈ జబ్బుతో ముడిపడ్డ జన్యు తేడాలు 287 చోట్ల దొరికాయి, ఒక్కోదాని ప్రభావం చిటికెడు. కాబట్టి "టెస్ట్ చేసి చెప్తాం" అనే ప్యాకేజీలకు డబ్బు తగలెయ్యకండి. 22వ క్రోమోజోములో ఒక ముక్క లోపించినవాళ్లది వేరే సంగతి, వాళ్లలో నలుగురిలో ఒకరికి వస్తుంది.

రామంతపూర్_తమ్ముడు:
మా అమ్మ ఇప్పటికీ "నేనే సరిగా పెంచలేదు" అంటుంది. ఒకప్పుడు అమెరికాలో డాక్టర్లే తల్లుల పెంపకాన్ని తిట్టారు. 1966లో హెస్టన్ అనే ఆయన, జబ్బున్న తల్లుల నుంచి పుట్టిన కొద్ది రోజులకే దూరమైన 47 మందిని చూస్తే ఐదుగురికి వచ్చింది. అలాగే వేరేచోట పెరిగిన, జబ్బులేని తల్లుల పిల్లలు 50 మందిలో ఒక్కరికీ లేదు. ఇది అమ్మకు నాలుగుసార్లు చెప్పాను. "సర్లే, అన్నం తిను" అంది.

గోదావరి_పిల్ల:
నిన్న అమ్మ చెకప్‌కి వెళ్లినప్పుడు డాక్టర్‌ని అడిగాను. ఆయన మొదట అడిగింది, "మీ ఆయన వైపు ఎవరికైనా ఉందా?" అని. రెండేళ్లలో ఆ ప్రశ్న నాకు తట్టనే లేదు. ఆదివారం అత్తగారి దగ్గరికి వెళ్తున్నాం. గొడవ కాకుండా ఎలా మొదలుపెట్టాలో ఎవరైనా చెప్పండి.