గ్రహాంతరవాసులకు మన భూమితో ఏం పని?

ఓరుగల్లు పిల్లగాడు: గ్రహాంతరవాసులు ఉంటే ఉండొచ్చు, కానీ ఇంత దూరం ఎందుకొస్తారు? మా దోస్తులు నీళ్ల కోసం, బంగారం కోసం అని ఒకటే లొల్లి. నాకైతే నమ్మబుద్ధి కావడం లేదు.

బొగ్గుబాయి: నీళ్ల మాట వదిలేయ్ తమ్మీ. గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపాలో మంచు కింద మన సముద్రాలన్నిటికీ రెండింతల నీళ్లు ఉన్నాయని అంచనా. లోహాలు కావాలంటే గ్రహశకలాలు ఉన్నాయి, అక్కడ గురుత్వాకర్షణ దాదాపు లేనట్టే కాబట్టి తవ్వినది ఎత్తుకుపోవడం తేలిక. అదే ఇక్కడ దిగితే మళ్లీ భూమిని వదిలి పోవడానికి సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగం కావాలి, ఆ ఖర్చు ఎవడు పెట్టుకుంటాడు? ఇక దూరం సంగతి. 1977లో వదిలిన వాయేజర్ 1 అనే అంతరిక్ష నౌక సెకనుకు 17 కిలోమీటర్ల చొప్పున ఉరుకుతోంది, అయినా సూర్యుడి తర్వాత మనకు అన్నిటికన్నా దగ్గరున్న నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ అంత దూరం పోవాలంటే 70 వేల ఏళ్లు దాటుతుంది. గ్రహశకలాల్లో దొరకని సరుకు మన దగ్గర ఏదన్నా ఉందంటే అది మా సింగరేణి బొగ్గే, ఎందుకంటే దానికి ముందు చెట్లు మొలవాలి :) నక్షత్రాల మధ్య తిరిగేటోడు బొగ్గు కోసమైతే రాడు కదా.

రామప్ప: అన్నా, నీ జవాబు ఆ బొగ్గులోనే ఉంది. చెట్లు, అంటే జీవం. రామప్ప గుడికి జనం ఎక్కడెక్కడి నుంచో వచ్చేది ఇటుకలు పట్టుకుపోవడానికా? 2013లో మనం పంపిన మంగళయాన్‌లో మీథేన్ (జీవుల నుంచి కూడా వచ్చే వాయువు) వెతికే పరికరం పెట్టారు, అంగారకుడి మీద జీవం జాడ ఉందేమోనన్న ఆశతోనే. మన రేడియో తరంగాలు బయటికి పోవడం మొదలై నూరేళ్లు దాటింది అంతే. కానీ గాలిలో జీవులు వదిలే ఆక్సిజన్ పేరుకోవడం మొదలై సుమారు 240 కోట్ల ఏళ్లు. మంచి టెలిస్కోప్‌తో ఆ ఆక్సిజన్ జాడ చూసినోడికి ఇక్కడ ఏదో బతుకుతోందన్న అనుమానం ఎప్పుడో వచ్చి ఉంటుంది.

బొగ్గుబాయి: అనుమానం వస్తే వచ్చిందనుకో, దానికి స్వయంగా రావాలా? మంగళయాన్‌లో మనుషులు పోయారా, ఉట్టి మిషనే కదా. వాళ్లూ అదే చేస్తారు. అది డైనోసార్ల కాలంలోనే వచ్చి ఫొటోలు తీసుకుని పోయి ఉండొచ్చు, మన జాతి పుట్టి మూడు లక్షల ఏళ్లే.

రామప్ప: మిషన్ వచ్చినా వచ్చినట్టే కదా! తమ్ముడు అడిగింది రావడానికి కారణం ఉందా అని. నువ్వే ఇప్పుడు ఉందంటున్నావు.