క్లైమేట్ కంట్రోల్ మోటార్: గేరు మార్చాలా, కొత్తది వేయాలా, ఫ్లాప్‌ను కూల్ వైపు కట్టేయాలా?

తుంగభద్ర_గట్టు (కర్నూలు) · మే 4, రాత్రి 9:20

అన్నలారా, అక్కలారా, ఒక చిక్కులో పడినా. నాది 2014 మోడల్ డీజిల్ సెడాన్, 1,12,000 తిరిగింది. ఆటోమేటిక్ ఏసీ. డ్రైవర్‌కు వేరే, పక్క సీటుకు వేరే టెంపరేచర్ పెట్టుకోవచ్చు. పది దినాల నుంచి తాళం తిప్పంగానే డ్యాష్‌బోర్డు లోపల బల్లి పలికినట్టు టక్ టక్ టక్ అని కాసేపు కొట్టుకొని ఆగిపోతాది. ఎడమ పక్క గాలి చల్లగా ఉంది. కుడి పక్క, అంటే నా మొహం మీదికి, అన్నం గిన్నె మూత తీసినట్టు సెగ. నిన్న మధ్యాహ్నం సి క్యాంప్ నుంచి నంద్యాల చెక్‌పోస్టు దాకా పోయేసరికి చొక్కా పిండుకోవాల్సి వచ్చింది.

వర్క్‌షాపులో చూసి, లోపల ఫ్లాప్ (వేడి గాలి, చల్ల గాలి పాళ్లు మార్చే చిన్న తలుపు) తిప్పే మోటార్ పోయింది, డ్యాష్‌బోర్డంతా దించాల, మోటార్ 6,800, లేబర్ 9,000, రెండు దినాలు పడుతుంది అన్నారు. ఇంకో మెకానిక్కు, ఆ మోటార్ డబ్బా లోపలి గేరొక్కటి మారిస్తే ఐదారొందల్లో అయిపోతాది అన్నాడు. మూడో ఆయన, ఫ్లాప్‌ను కూల్ దిక్కు కట్టేసి మరిచిపో అన్నాడు. ముగ్గురూ తలలు నెరిసినోళ్లే. ఎవరి మాట వినాల?

పాత_పానా (కర్నూలు) · మే 4, రాత్రి 10:05

కొత్త మోటార్ వేయించు తమ్ముడూ. షెడ్డు పెట్టుకొని బతికేటోన్ని, నా లాభం కోసం చెప్తున్నా అనుకోవద్దు. ఇందులో ఖర్చంతా వస్తువుది కాదు, కూలీది. 500 గేరు వేసి, అది వచ్చే ఎండాకాలానికి మళ్లీ ఊడితే ఇంకోసారి డ్యాష్ దించే డబ్బులు ఎవరిస్తారు? గేరుకు గమ్ము పూసి తెచ్చిన బండ్లు ఎన్ని చూసినానో నాకే లెక్కలేదు.

అంతకన్నా ముందు ఒకటి చూసుకో. ఎడమ కుడి తేడా వచ్చినంత మాత్రాన మోటారే అనుకోవద్దు. ఏసీ గ్యాస్ తగ్గినా కొన్ని బండ్లలో ఒక పక్క చల్లన, ఒక పక్క వెచ్చన వస్తాది. గేజీలు పెట్టి చూసినారా, పైపు చేత్తో పట్టుకొని చెప్పినారా?

తుంగభద్ర_గట్టు · మే 4, రాత్రి 10:11

గేజీలు పెట్టినారన్నా, నా ముందరే. ప్రెషర్ సరిగ్గానే ఉంది.

టంకం_అనంతపురం · మే 4, రాత్రి 11:40

పానా అన్నా, లేబర్ లెక్క ఒప్పుకుంటా. "మోటార్ పోయింది" అనే మాట దగ్గరే నాకు పేచీ. మా ఇంటి బండివి, దోస్తులవి కలిపి ఇంతవరకు ఐదు విప్పినా. నిజంగా మోటార్ కాలింది ఒక్కదాంట్లోనే.

అది అగ్గిపెట్టె కన్నా కొంచెం పెద్ద నల్ల డబ్బా, చుట్టూ క్లిప్పులు. సన్న స్క్రూడ్రైవర్‌తో ఒక్కో క్లిప్పు లేపితే మూత వస్తాది. ఒక మూల 12 వోల్టుల బొమ్మ కారు మోటార్ లాంటిది. దాని ఇరుసుకు మర మాదిరి వార్మ్ గేరు. ఆ పక్కన మూడు నాలుగు ప్లాస్టిక్ చక్రాలు ఒకదాని మీద ఒకటి. మోటార్ గిరగిరా తిరిగితే చివరి చక్రం తాబేలు మాదిరి ఒక పావు సుట్టు తిరుగుతాది, అంతే. ఫ్లాప్ ఇరుసు దాని నడుమ బొక్కలో కూర్చుంటాది. ఆ చక్రం అడుగున నల్ల కార్బన్ పట్టీ, పట్టీ మీద రాసుకుంటా పోయే సన్న రేకు వేళ్లు. ఫ్లాప్ యాడుందో ఏసీ కంప్యూటర్‌కు చెప్పేది ఆ వేళ్లే. 5 వోల్టులు పోతాయి, ఫ్లాప్ ఉన్న చోటును బట్టి తక్కువో ఎక్కువో తిరిగొస్తాయి. (అన్ని బండ్లలో ఈ పట్టీ ఉండదు. కొన్నిట్లో స్టెప్పర్ మోటార్, అడుగులు లెక్కపెట్టుకుంటా పోయేది.)

టక్ టక్ అంటే చక్రం పన్ను ఊడినట్టు. ఊడిన చోటికొచ్చి జారుతాది, కంప్యూటర్ మళ్లీ తోస్తాది, మళ్లీ జారుతాది. శబ్దం లేకుండా గాలి దానంతటదే ఒకసారి వేడి, ఒకసారి చల్లన అయితే పట్టీ మీద మురికో, అరుగుడో. పట్టీని ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన దూదితో నిమ్మళంగా తుడిస్తే చాలాసార్లు దారికొస్తాది. చక్రాలకు సిలికాన్ గ్రీజు ఆవగింజంత. బేరింగ్ గ్రీజు పూయొద్దు, కొన్ని ప్లాస్టిక్కులను అది తినేస్తాది. పట్టీకి ఏ గ్రీజూ తగలనీయొద్దు.

మోటార్ బాగుంటే 6,800 పెట్టి మోటార్ కొనడమెందుకు? చెప్పు తెగితే కాలు మార్చుకుంటామా?

కడప_ట్యాక్సీ · మే 5, పొద్దున 6:15

మీరిద్దరూ పెద్ద పనోళ్లే గానీ, నాదొక ప్రశ్న. మనకు హీటర్ యా నెలలో కావాల? మే నెలలో కడప ఎండ 44కు పోతాంటే వేడి గాలి కోసం మోటార్ బాగుచేయించుకోవాల్నా?

మూడేండ్ల కిందట నా బండికి ఇదే రోగం. ఒకాయన గ్లోవ్ బాక్స్ దించి, చెయ్యి లోపలికి పెట్టి, ఫ్లాప్‌ను కూల్ దిక్కు నెట్టి జిప్ టై (ప్లాస్టిక్ కట్టు) బిగిచ్చి, మోటార్ కనెక్టర్ పీకేసినాడు. 300 తీసుకున్నాడు, టీ నేను తాపిచ్చినా. తిరుపతి, బెంగళూరు, చెన్నై అన్నీ తిప్పుతాండా. చలి పెడతాంది ఫ్యాన్ తగ్గించు అన్నోళ్లు ఉండారు గానీ, హీటర్ వెయ్యమన్నోడు ఇంతవరకు ఒక్కడు లేడు.

రాయచోటి_కోడలు · మే 5, పొద్దున 8:50

ట్యాక్సీ అన్నా, నవంబరు తుఫాను వానలో రాత్రిపూట గువ్వలచెరువు ఘాట్ ఎక్కినావా ఎప్పుడైనా?

నాది కడపలో ఉద్యోగం, వారం వారం రాయచోటికి పోతా. మా ఆయన కూడా నీ మాదిరే "మనకెందుకు హీటర్" అని కట్టేయించినాడు. ఆ రాత్రి నలుగురం, తడిసిన గొడుగులు, పిల్లల తడి బట్టలు. సగం ఘాట్‌లో ముందు అద్దం లోపల పక్క పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది. ఎదురుగా వచ్చే లారీ లైట్లు తప్ప రోడ్డు అంచు కనపళ్లేదు. నేను ఒక చేత్తో టవల్ పట్టుకొని తుడుస్తా, ఆయన నడుపుతా, పాలకోవా అంగళ్ల దాకా పోయి ఆపినాం. ఆ 300 మిగిలినందుకు నేను పడిన భయం నాకు తెలుసు.

కడప_ట్యాక్సీ · మే 5, పొద్దున 9:30

అక్కా, గువ్వలచెరువు నాకు ఇంటి మెట్ల మాదిరి. అద్దానికి ఆవిరి పట్టేది హీటర్ లేక కాదు. లోపలి గాలే తిరిగే బటన్ ఆపి, ఏసీ వేసి, గాలిని అద్దం మీదికి పెట్టాల. రెండు నిమిషాల్లో పోతాది. బయటి పక్క ఆవిరి పడితే వైపర్ కొట్టు. కట్టేసిన ఫ్లాప్ తప్పేం లేదు.

పాలిటెక్నిక్_అయ్యవారు (కడప) · మే 5, మధ్యాహ్నం 1:10

అమ్మా, ఆ రాత్రి మీ బండిలో ఏసీ వేసి ఉందా, ఆపి ఉందా?

రాయచోటి_కోడలు · మే 5, మధ్యాహ్నం 1:25

ఆపినాం అయ్యవారూ. పిల్లలు తడిసి వణుకుతాంటే ఆ మంచు గాలి ఎట్ల వేస్తాం?

పాలిటెక్నిక్_అయ్యవారు · మే 5, మధ్యాహ్నం 2:00

నేను అడిగింది అందుకే. ట్యాక్సీ చెప్పినదాంట్లో తప్పు లేదు, గాలిని ఆరబెట్టేది ఏసీనే. ఎవాపరేటర్ చల్లని రేకులకు తగిలి గాలిలో తేమ నీళ్లై కిందికి కారిపోతుంది. కానీ బండి చేసినోళ్లు ఎవాపరేటర్ వెనకే హీటర్ కోర్ (ఇంజన్ వేడి నీళ్లు పారే చిన్న రేడియేటర్) పెట్టింది, ముందు ఆరబెట్టి తర్వాత కొంచెం వెచ్చబెట్టుకోవడానికి. ఆ దోవ మూసేస్తే మీకు మిగిలేది మంచు గాలి ఒక్కటే. పిల్లలకు చలి అంటారు, ఏసీ ఆపుతారు, అద్దం మూసుకుపోతుంది. ఫ్లాప్ కట్టినోడు ఏసీ ఆపమని చెప్పలేదు, నిజమే, కానీ ఆపే పరిస్థితి తెచ్చింది ఆ జిప్ టై.

ఇంకొకటి. ఘాట్‌లో ఇంజన్ వేడెక్కితే ఏసీ ఆపి హీటర్ ఫుల్ పెట్టి, ఆ వేడిని కొంత లోపలికి లాగేసి బండిని పక్కకు తెచ్చుకునే ఉపాయం పాత డ్రైవర్లకు తెలుసు. ఫ్లాప్ కట్టేస్తే ఆ అక్కరకు కూడా రాదు.

గేరా, మోటారా అనేదానికన్నా నన్ను అడిగితే మొదటి ప్రశ్న వేరే. పన్ను ఎందుకు ఊడింది? ఫ్లాప్ ఇరుసు బిగుసుకుపోయి ఉంటేనో, దారిలో ఏదైనా అడ్డం పడితేనో చక్రం మీద బరువు పడి ఊడుతుంది. ఎండలో నిలిపిన బండి డ్యాష్‌బోర్డు 70 డిగ్రీలు దాటుతుంది, పదేళ్లకు ప్లాస్టిక్ పెళుసెక్కుతుంది, అదీ ఉంది. అయినా మోటార్ తీసినాక ఫ్లాప్ ఇరుసును రెండు వేళ్లతో తిప్పి చూడకుండా కొత్తది బిగిస్తే, కొత్త పండ్లూ అదే దారి పడతాయి.

పాత_పానా · మే 5, రాత్రి 9:15

అయ్యవారు బాగా చెప్పినారు. దీనికి నాదొకటి కలుపుకోండి. బిగించినాక కంప్యూటర్‌కు ఫ్లాప్ ఈ చివర, ఆ చివర మళ్లీ నేర్పాల. కొన్ని బండ్లు తాళం వేస్తే వాటంతట అవే నేర్చుకుంటాయి, కొన్నిటికి రెండు బటన్లు కలిపి నొక్కాల, కొన్నిటికి స్కానర్ కావాల. ఆన్‌లైన్‌లో దొరికే చిన్న బ్లూటూత్ రీడర్‌ను నమ్ముకోవద్దు. అది మామూలుగా ఇంజన్ కోడ్లు చూపిస్తాది గానీ, ఏసీ కంప్యూటర్ లోపలికి పోదు.

నా మాటైతే మారదు. కొత్తదే వేయి.

ఊరికే_చదివేటోడు · మే 5, రాత్రి 9:40

పెనుకొండ పక్క ఎర్రమంచిలో 2019 నుంచి కార్లే తయారవుతున్నాయి, మనం ఇంకా జిప్ టై దగ్గరే ఉన్నాం.

కడప_ట్యాక్సీ · మే 5, రాత్రి 9:52

జిప్ టై కూడా యాడో ఫ్యాక్టరీలోనే తయారవుతాంది సామీ.

తుంగభద్ర_గట్టు · మే 12, సాయంత్రం 7:30

అందరికీ దండాలు. ఆదివారం ఇంటి ముందర వేపచెట్టు కింద పెట్టుకొని నేనే విప్పినా. జరిగింది జరిగినట్టు చెప్తా.

ముందు అనుమానం తీరాలని బానెట్ లేపి, హీటర్‌కు పోయే రబ్బరు గొట్టాన్ని గుడ్డ చుట్టి క్లాంప్‌తో మెల్లగా నొక్కినా. ఐదు నిమిషాలకు కుడి పక్క గాలి చల్లబడింది. అంటే వేడి నీళ్లు ఎప్పుడూ పోతానే ఉన్నాయి, ఫ్లాప్ వేడి దిక్కు తెరుచుకొని నిలిచిపోయింది. (గొట్టం పాతదైతే ఇది చేయొద్దు, పగిలితే అదొక ఖర్చు.)

బ్యాటరీ నెగటివ్ తీసేసి పావు గంట ఆగినా. స్టీరింగ్ కింద పసుపు కనెక్టర్లు కనపడితే ముట్టుకోవద్దు, అవి ఎయిర్‌బ్యాగ్‌వి. పెడళ్ల పైన టార్చి పెట్టి చూస్తే, మోటార్ నా కండ్ల ముందరే ఉంది! మూడు స్క్రూలు. డ్యాష్‌బోర్డు దించే పనే లేదు. ఎడమ దిక్కుదైతే దించాలేమో, నాది కుడి దిక్కుది. 9,000 లేబర్ అన్నాయన టార్చి వేసి చూసినాడో లేదో ఆయనకే తెలియాల. మెడ వంచి, తల పెడల్ మీద పెట్టి పడుకొని ఆ మూడో స్క్రూ తీయడానికి నాకు గంట పట్టింది, అది వేరే కత.

విప్పితే టంకం అన్న చెప్పినట్టే, చివరి చక్రం పన్ను ఒకటి లేదు, పక్కది సగం ఉంది. మోటార్‌కు నేరుగా 12 వోల్టులు తగిలిస్తే బాగానే తిరిగింది. అప్పుడు అయ్యవారి మాట గుర్తొచ్చి ఫ్లాప్ ఇరుసును వేళ్లతో తిప్పినా. వేడి దిక్కు నుంచి కూల్ దిక్కుకు వస్తా వస్తా ముక్కాలు దూరంలో గట్టిగా ఆగింది. రబ్బరు మీద ఆగినట్టు మెత్తగా లేదు, రాయి తగిలినట్టు. అద్దం కింద గాలి వచ్చే సందులోకి ఫోన్‌కు తగిలించే కెమెరా వైరు దింపి చూస్తే, మూలన తెల్లగా ఏదో ఉంది. వ్యాక్యూమ్ క్లీనర్‌కు సన్న గొట్టం కట్టి లాగితే మూడోసారికి వచ్చింది.

బలపం ముక్క. మా చిన్నోడిది. వాడు ముందు సీట్లో నిలబడి అద్దం కింది సందుల్లోకి ఏదో ఒకటి వేస్తుంటాడని వాళ్లమ్మ ఎప్పుడో చెప్పింది, నేనే వినలేదు.

చక్రాల సెట్టు 450, కొరియర్ 80. శుక్రవారమే వచ్చి ఉండె. బిగించి, బ్యాటరీ తగిలించి తాళం తిప్పితే లోపల జుయ్ మని ఈ చివరికి ఒకసారి, ఆ చివరికి ఒకసారి పోయి నిలబడింది. టక్ టక్ లేదు. సోమవారం ఎండలో అదే దారిన నంద్యాల చెక్‌పోస్టు దాకా పోయొచ్చినా, రెండు పక్కలా చల్లగానే ఉంది.

టంకం_అనంతపురం · మే 12, రాత్రి 8:05

530తో పోయింది. పానా అన్నా, ఏమంటావు?

పాత_పానా · మే 12, రాత్రి 8:20

ఏమంటా? మూడు స్క్రూల్లో వచ్చేదైతే గేరే వేసుకో, ఊడితే మళ్లీ వేసుకుంటావు. డ్యాష్ దించాల్సిన బండికి మాత్రం నా దగ్గర కొత్త మోటారే. ఆ 450 చక్రాల ప్లాస్టిక్కు ఎట్లాంటిదో ఇంకో రెండు ఎండాకాలాలు పోతే గానీ చెప్పలేం. తమ్ముడూ, ఊడిన పన్ను ముక్కలు డబ్బాలోంచి అన్నీ ఏరినావా? ఒకటి లోపల ఉండిపోతే కొత్త చక్రాల మధ్య పడుతుంది.

తుంగభద్ర_గట్టు · మే 12, రాత్రి 8:31

ఒకటిన్నర ఊడింది, ఒకటే దొరికిందన్నా. రేపు మళ్లీ విప్పుతా.

కడప_ట్యాక్సీ · మే 12, రాత్రి 8:40

మళ్లీ ఆ మూడో స్క్రూనా! జిప్ టై పంపీనా?

రాయచోటి_కోడలు · మే 12, రాత్రి 9:02

అన్నా, వానలు పడకముందే నీ బండి టై నువ్వు కోసుకో. నేను మా ఆయన చేత కోయించినా.